‘గ్రావిటీ’లో ఏది నిలబడింది, ఏది జారింది

మీరు అడిగింది ఇదీ: 2013లో హాలీవుడ్ అంతరిక్ష సినిమా ‘గ్రావిటీ’ని థియేటర్లో 3డీలో చూసినప్పుడు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. మొన్న ఇంట్లో టీవీలో మళ్లీ చూస్తే ఆ అనుభూతి రాలేదు. పైగా అందులోని సైన్సు తప్పుల చిట్టా చదివాక మనసు ఇంకా విరిగింది. అదంతా గ్రాఫిక్స్ మాయేనా, సినిమాగా దానికంటూ సత్తా ఉందా?

నేను 17 ఏళ్లుగా హైదరాబాద్‌లో వీఎఫ్‌ఎక్స్, అంటే సినిమా గ్రాఫిక్స్ పనిలో ఉన్నాను. రోటోతో, అంటే ఫ్రేములో మనిషిని అంచు పట్టి విడదీసే పనితో మొదలుపెట్టాను, ఇప్పుడు కంపోజిటింగ్ చూస్తున్నాను. వేర్వేరు చోట్ల తీసినవాటినీ, కంప్యూటర్లో చేసినవాటినీ ఒకే కెమెరా ఒకే క్షణంలో పట్టినట్టు అతకడం నా పని. ‘గ్రావిటీ’ని మొదటిసారి మామూలు ప్రేక్షకుడిగా చూశాను, ఆ తర్వాత చూసిందంతా ఆపి ఆపి, ఒక్కో ఫ్రేమూ పట్టి చూడటమే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గ్రాఫిక్స్ ఎన్ని ఉన్నాయన్నది పక్కన పెట్టండి. పనిని ఏ వరసలో చేశారన్నదే దాని బలం. ఇక లోపాల సంగతంటారా, మీరు చదివిన చిట్టాలో చాలావాటిని నేను క్షమించేస్తాను. ఒక్కదాన్ని మాత్రం ఇన్నేళ్లయినా క్షమించలేకపోతున్నాను.

ముందు మా దగ్గర పని ఎలా జరుగుతుందో చెబితే, వాళ్లు చేసింది ఎందుకంత పెద్ద విషయమో తెలుస్తుంది. మాకు ప్లేట్, అంటే షూటింగ్‌లో తీసిన దృశ్యం, వస్తుంది. హీరో గ్రీన్ మ్యాట్ ముందు నిలబడి ఉంటాడు. నాలుగు వైపుల నుంచీ మెత్తటి లైట్లు, మొహమంతా సమానంగా వెలుగు, ఎక్కడా నీడ లేదు. ఎందుకంటే షూటింగ్ రోజుకి వెనకాల ఏం రావాలో ఇంకా ఎవరికీ తెలీదు. ఆరు నెలల తర్వాత వెనకాల సూర్యాస్తమయం కావాలంటారు. అప్పుడు మేం కూర్చుని ఆ మొహం మీద వెలుగును చేత్తో గీస్తాం.

ఒక సినిమాకి, పేరు వద్దులెండి, ఒక క్లోజప్‌లో ముక్కు నీడ ఎడమ చెంప మీద పడింది. వెనకాల వేసిన సూర్యుడు కూడా ఎడమవైపే ఉన్నాడు. సూర్యుణ్ని మార్చడానికి వీల్లేదు, ముందు షాట్‌లో అక్కడే ఉన్నాడు కాబట్టి. నలుగురం మూడు వారాలపాటు ఆ నీడను చెరిపి, రెండో చెంప మీద కొత్తది గీశాం. షాట్ బయటికి వచ్చాక చూసినవాళ్లు తప్పు ఫలానా అని చెప్పలేకపోయారు, కానీ ఏదో అతకలేదన్నారు. అది నిజం. మనిషి కన్ను పుట్టినప్పటినుంచీ మొహాలు చూస్తూనే ఉంది కాబట్టి మొహం మీది వెలుగులో వెంట్రుకవాసి తేడా వచ్చినా పసిగట్టేస్తుంది.

‘గ్రావిటీ’ వాళ్లు ఈ వరసను తలకిందులు చేశారు. దర్శకుడు అల్ఫోన్సో క్వారోన్, ఛాయాగ్రాహకుడు ఇమ్మాన్యుయేల్ లుబెజ్కీ, లండన్‌లోని ఫ్రేమ్‌స్టోర్ సంస్థకి చెందిన వీఎఫ్‌ఎక్స్ సూపర్‌వైజర్ టిమ్ వెబర్, ఈ ముగ్గురూ నటీనటులు సెట్లో అడుగుపెట్టకముందే సినిమా దాదాపు మొత్తాన్నీ కంప్యూటర్లో యానిమేషన్‌గా చేసుకున్నారు. కెమెరా ఎక్కడుంటుంది, భూమి ఏ వైపు ఉంటుంది, సూర్యుడు ఏ కోణంలో పడతాడు అన్నవన్నీ అప్పుడే తేల్చేశారు. లుబెజ్కీ ఆ బొమ్మలకే లైటింగ్ చేశాడు. ఆ తర్వాతే అసలు మనిషి మొహాన్ని తెచ్చి, ముందే సిద్ధంగా ఉన్న ఆ వెలుగులో పెట్టారు.

అంతరిక్షంలో వెలుగు మన వీధిలో ఉండే వెలుగులా ఉండదు. గాలి లేదు కనుక సూర్యుడు కత్తిలా ఒకవైపు నుంచి పడతాడు. రెండోవైపు నుంచి భూమి మీద తగిలి వచ్చే నీలం రంగు వెలుగు, పెద్ద పందిరి కింద కూర్చున్నట్టు మెత్తగా వస్తుంది. మిగతాదంతా కటిక చీకటి. మనిషి గిరగిరా తిరుగుతుంటే ఈ మూడూ మొహం మీద ఒకదాని వెంట ఒకటి పరుగెత్తాలి. నటిని నిజంగా రోప్ కట్టి తిప్పితే రక్తం తలకెక్కుతుంది, మెడ నరాలు బిగుస్తాయి, తలకిందులుగా ఉన్నట్టు చూడగానే తెలిసిపోతుంది. కొన్ని సెకన్లపాటు బరువు తెలియకుండా చేసే విమానంలో తీద్దామా అని కూడా ఆలోచించి, అంత చిన్న ముక్కల్లో ఈ సినిమా కుదరదని వదిలేశారు.

అందుకని నటిని కదపకుండా ఆమె చుట్టూ లోకాన్ని తిప్పారు. షెపర్టన్ స్టూడియోలో దాదాపు 20 అడుగుల ఎత్తు, 10 అడుగుల వెడల్పు ఉన్న ఒక పెట్టె కట్టారు. లోపలి గోడలన్నీ ఎల్‌ఈడీ ప్యానెళ్లే. ముందే చేసిన యానిమేషన్‌లోని భూమి, సూర్యుడు, అంతరిక్ష స్టేషన్ ఆ గోడల మీద ఆడుతుంటాయి. సాండ్రా బుల్లక్ లోపల ఒక కడ్డీల అమరికలో నిలబడి ఉంటుంది. కార్ల ఫ్యాక్టరీల్లో వాడే రకం రోబో చెయ్యి కెమెరాను పట్టుకుని ఆమె మొహం మీదికి దూసుకొచ్చి, వెంట్రుకవాసిలో ఆగుతుంది. స్టేషన్ లోపల తేలే సన్నివేశాలకి 12 తీగలతో వేరే ఏర్పాటు, దాన్ని ఆడించడానికి రంగస్థలం మీద తోలుబొమ్మలాటలాంటివి ఆడించే కళాకారుల్ని కూడా తెచ్చుకున్నారు. బయట తేలే షాట్లలో చాలావాటిలో అసలైనది మొహం ఒక్కటే. సూటు, హెల్మెట్, దాని అద్దం, అద్దం మీద పట్టే ఊపిరి ఆవిరి అన్నీ తర్వాత చేర్చినవి.

కంపోజిటర్‌గా నాకు అసూయ కలిగేది ఇక్కడే. తోటి వ్యోమగామి కొవాల్‌స్కీతో మాట్లాడుతూ స్టోన్ (బుల్లక్ పాత్ర) తల తిప్పినప్పుడు ఆమె కనుపాపలో చిన్న నీలం గీత కదులుతుంది. ఆ గీత ఎవరూ గీసింది కాదు, పెట్టె గోడ మీద ఆడుతున్న భూమి నిజంగా ఆమె కంట్లో మెరిసింది. గ్రాఫిక్స్ అంటే లేనిది పుట్టించడమని చాలామంది అనుకుంటారు. ఇక్కడ లేని భూమి నుంచి ఉన్న కంటికి నిజమైన వెలుగు వచ్చింది. తర్వాత పదేళ్లలో పెద్ద ఎల్‌ఈడీ గోడల ముందు షూటింగ్ చేయడం మామూలైపోయింది, కానీ అప్పటికి అదో సాహసం.

మొదటి షాట్ దాదాపు 13 నిమిషాలపాటు కట్ లేకుండా నడుస్తుంది. మొదట దూరంగా భూమి, తర్వాత చుక్కంత స్పేస్ షటిల్ (వ్యోమనౌక), రేడియోలో కబుర్లు. షరీఫ్ అనే భారతీయ వ్యోమగామి తాడు చివర చిన్నపిల్లాడిలా గెంతుతూ పాత హిందీ సినిమా పాట పాడుకుంటాడు. (అతని ఇంటిపేరు దాసరి అని తెలిసినప్పుడు నాకు భలే సంతోషమేసింది.) కట్ లేకపోవడం వల్ల జరిగే మేలేమిటంటే, మనకి తప్పించుకునే దారి ఉండదు. కట్ పడిన ప్రతిసారీ ప్రేక్షకుడు తనకి తెలియకుండానే ఒక చిన్న ఊపిరి తీసుకుంటాడు. ఇక్కడ ఆ ఊపిరి ఇవ్వరు. పగిలిన ఉపగ్రహాల శకలాలు వచ్చి తగిలాక స్టోన్ విడిపోయి దొర్లుకుంటూ వెళ్లిపోతుంటే కెమెరా ముందు బయటే ఉండి చూస్తుంది, తర్వాత నెమ్మదిగా ఆమె వేగాన్ని అందుకుంటుంది. అప్పుడు ఆమె నిలకడగా, లోకం తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. ఇంకా దగ్గరికి వెళ్లి, హెల్మెట్ అద్దం దాటి లోపలికి పోతుంది. ఇప్పుడు మనం ఆమె కళ్లతో చూస్తున్నాం, ఆమె ఊపిరే మన చెవుల్లో. ఎక్కడా అతుకు కనిపించదు.

శబ్దం గురించి చెప్పకపోతే అన్యాయం. శూన్యంలో చప్పుడు ప్రయాణించదు. అందుకని స్టోన్ చేతిలోని డ్రిల్లు మోత గాలిలోంచి రాదు, ఆమె గ్లవ్స్ గుండా, ఎముకల గుండా వచ్చినట్టు మొద్దుగా వినిపిస్తుంది. ఆమె దేన్ని ముట్టుకుంటే దాని చప్పుడే మనకి వినబడుతుంది. ముట్టుకోనిది ముక్కలైపోతున్నా చప్పుడుండదు. స్టీవెన్ ప్రైస్ సంగీతంలో డప్పుల్లాంటి తాళవాద్యాలు లేవు. పేలుడు చప్పుడుని డోలు దెబ్బతో పూరించే పాత అలవాటుని మానుకున్నారు. 2014 ఆస్కార్లలో ఈ సినిమాకి 7 వచ్చాయి, అందులో శబ్దానికి రెండు, సంగీతానికి ఒకటి. ఆ మూడింటి గురించి మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు.

ఇంట్లో ఎందుకు తేలిపోయిందంటే, ఈ సినిమా ఫ్రేములో సగం నలుపు. పగలు హాల్లో టీవీ పెడితే ఆ నలుపులో మీ కిటికీ కనిపిస్తుంది, సోఫా కనిపిస్తుంది. అంతరిక్షం లోతు అక్కడే పోతుంది. రెండోది 3డీ. అది ఈ సినిమాకి పైపూత కాదు, పొడవైన షాట్ల వల్ల కంటికి లోతును కొలుచుకునే వ్యవధి దొరుకుతుంది. 3డీలో చాలాభాగం ఫ్రేమ్‌స్టోర్‌లోనే రెండు కళ్లకీ విడివిడిగా రెండర్ చేశారు, అంటే కంప్యూటర్‌తో బొమ్మగా తయారుచేశారు. క్యాప్సూల్ లోపలి కొన్ని సన్నివేశాల్ని 3డీలోకి మార్చింది మన ముంబయిలో పుట్టిన ప్రైమ్ ఫోకస్ సంస్థ. ఈసారి రాత్రిపూట లైట్లన్నీ ఆర్పి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, టీవీ సెట్టింగుల్లో కదలికను నునుపు చేసేదేదైనా ఆన్‌లో ఉంటే ఆపేసి చూడండి. ఇదంతా చేస్తే తప్ప నిలబడని సినిమా అయితే అది బలహీనతే కదా అనొచ్చు. ఒప్పుకుంటాను. చిన్న తెర మీద సగమైపోయే సినిమా ఇది, ఆ సగాన్ని కథ పూడ్చలేదు.

ఇక సైన్సు. పెద్ద తప్పు మీరు చదివే ఉంటారు. సినిమా వచ్చేనాటికి హబుల్ టెలిస్కోప్ సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులో, భూమధ్యరేఖకి 28.5 డిగ్రీల వాలులో తిరుగుతుండేది. అంతర్జాతీయ స్టేషన్ అంతకంటే కిందుగా, 51.6 డిగ్రీల వాలులో తిరుగుతుంది. సినిమాలో స్టోన్, కొవాల్‌స్కీ ఇద్దరూ అతను వీపున తగిలించుకున్న జెట్ ప్యాక్‌తో ఒకచోట నుంచి ఇంకోచోటికి వెళ్లిపోతారు. వాలు మార్చడమంటే పక్కవీధిలోకి మలుపు తిరగడంలాంటిది కాదు. సెకనుకి 7.6 కిలోమీటర్ల వేగంతో పోతున్న వస్తువు దిశను 23 డిగ్రీలు తిప్పాలి. అంటే సెకనుకి 3 కిలోమీటర్ల వేగం మార్పు కావాలి. 1984లో నాసా నిజంగా వాడిన బ్యాక్‌ప్యాక్ ఇవ్వగలిగింది సెకనుకి సుమారు 25 మీటర్లు. వంద రెట్లకు పైగా తేడా.

అయినా దీన్ని నేను క్షమిస్తాను. ఇది కథ మొదలవడానికి అడిగిన అనుమతి. పౌరాణికంలో నారదుడు ఒక్క క్షణంలో కైలాసం నుంచి వైకుంఠానికి వచ్చేస్తే మనం దూరం లెక్కలు అడగం, వచ్చాక ఏం మాట్లాడాడన్నదే చూస్తాం. ఇదీ అంతే. 2011లోనే ఆగిపోయిన షటిళ్లు సినిమాలో ఎగురుతుండటం, అప్పటికి ఒక్క చిన్న ప్రయోగశాలగా ఉన్న చైనా తియాన్‌గాంగ్‌ని పెద్ద స్టేషన్‌గా చూపడం కూడా ఈ కోవలోవే. సూటు విప్పితే లోపల డైపరూ, నీటి గొట్టాలున్న చల్లటి దుస్తులూ ఉండాలి. బదులుగా బనీనూ నిక్కరూ ఉన్నాయి. స్టోన్ జుట్టు తేలలేదని ఖగోళ శాస్త్రవేత్త నీల్ డిగ్రాస్ టైసన్ అప్పట్లోనే ఎత్తిచూపారు. కన్నీటి బొట్టు కంటి నుంచి విడిపోయి తేలుతూ రావడం కూడా జరగదు. అక్కడ కన్నీరు కంటికే ముద్దలా అంటుకుపోతుంది, 2013లో కెనడా వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ స్టేషన్‌లోంచే వీడియో తీసి చూపించారు. వీటిలో ఏ ఒక్కటీ నన్ను సినిమాలోంచి బయటికి లాగలేదు.

మూలమైన భయం మాత్రం గట్టిదే. రష్యా తన పాత ఉపగ్రహాన్ని క్షిపణితో కొడితే, ఆ ముక్కలు ఇంకోదాన్ని, అవి మరోదాన్ని పగలగొట్టుకుంటూ పోతాయి. ఈ గొలుసు ప్రమాదం గురించి నాసా శాస్త్రవేత్త డొనాల్డ్ కెస్లర్ 1978లోనే రాశారు. సినిమా వచ్చిన 8 ఏళ్లకి, 2021 నవంబరు 15న, రష్యా నిజంగానే తన పాత ఉపగ్రహాన్ని కొట్టింది. స్టేషన్‌లో ఉన్న ఏడుగురూ తమ క్యాప్సూళ్లలోకి వెళ్లి తలదాచుకోవాల్సి వచ్చింది. ఆ వార్త చదువుతుంటే నాకు ముందు గుర్తొచ్చింది స్టోన్ ఊపిరి చప్పుడే.

ఇప్పుడు క్షమించలేని తప్పు. ఇంధనం అయిపోయి ఇద్దరూ స్టేషన్‌ని గుద్దుకుంటారు. పట్టు దొరకదు. స్టోన్ కాలు రష్యా వ్యోమనౌక సోయజ్ పారాచూట్ తాళ్లలో చిక్కుకుంటుంది, ఆమె చేతిలో కొవాల్‌స్కీ పట్టీ. ఇద్దరూ ఆగారు. పట్టీ బిగుసుకుని ఉంది. నన్ను వదిలెయ్, లేకపోతే ఇద్దరం పోతాం అన్నట్టు మాట్లాడి, కొక్కెం విప్పుకుని అతను దూరమైపోతాడు.

ఆ ఫ్రేముని నేను చాలాసార్లు ఆపి చూశాను. ఇద్దరూ ఆగిపోయాక అతన్ని ఏది లాగుతోంది? గాలి లేదు, బరువు లేదు, కిందంటూ లేదు. స్టోన్ రెండు వేళ్లతో పట్టీని నెమ్మదిగా గుంజినా అతను ఆమె వైపు తేలుకుంటూ రావాలి. ఇది కొండ అంచున వేలాడే సీన్. ఎన్నో సినిమాల్లో చూశాం, పైన ఒకరు, కింద ఒకరు, మధ్యలో జారిపోతున్న చెయ్యి. దాన్ని తెచ్చి అంతరిక్షంలో పెట్టారు. అరగంటసేపు ఇక్కడ పైనా కిందా లేవని మన ఒంటికి నేర్పిన సినిమా, తన అతి ముఖ్యమైన త్యాగం దగ్గరికొచ్చేసరికి ఒక ‘కింద’ని అరువు తెచ్చుకుంది.

వాలు లెక్క తప్పితే కథకి ఏమీ కాలేదు. ఇక్కడ లెక్క తప్పితే ఒక మనిషి అనవసరంగా చనిపోయాడు. మొత్తం దుఃఖం ఆ బలం మీద వేలాడుతోంది, ఆ బలమే లేదు. తాళ్లు ఇంకా జారుతున్నాయనీ, స్టేషన్ తిరుగుతుండటం వల్ల బయటికి తోస్తోందనీ కొందరు సమర్థిస్తారు. స్టేషన్ తిరుగుతుంటే ఆ సమర్థన సరైనదే. అప్పుడు వెనకాల భూమీ చుక్కలూ కూడా అదే వేగంతో జరుగుతుండాలి, తెర మీద అది కనిపించదు. నాకు బాధ కలిగించేది ఏమిటంటే, సూటు మడతల దాకా కంప్యూటర్లో చేసిన సినిమాలో వెనకాల భూమిని ఇంకాస్త తిప్పడం అందరికంటే తేలికైన పని. అలా తిప్పి ఉంటే త్యాగం నిజమయ్యేది, భయమూ పెరిగేది. మా అమ్మ ఈ సీన్ చూసి ఏడ్చింది, ఆవిడ కన్నీళ్లు అబద్ధమని నేననను. ఆ కన్నీళ్లకి తగిన పునాది ఇవ్వలేదన్నదే నా బాధ.

రెండో బలహీనత మాటల్లో ఉంది. స్టోన్‌కి ఒక కూతురు, బడిలో ఆడుకుంటూ పడి చనిపోయింది. ఈ సంగతి తేలుతూ వెళ్తూ రెండు మాటల్లో చెబుతుంది. ఆ చెప్పడం బాగుంది. కానీ సినిమా అక్కడితో ఆగదు. పోయిన కొవాల్‌స్కీని తన కూతురికి సందేశం చెప్పమంటుంది, బతకాలని నిర్ణయించుకోవడాన్ని పైకి మాటల్లో వివరిస్తుంది. ఎయిర్‌లాక్‌లోకి (స్టేషన్ ద్వారం గదిలోకి) వచ్చి సూటు విప్పి, కాళ్లు ముడుచుకుని గర్భంలో బిడ్డలా తేలినప్పుడే అదంతా అర్థమైపోయింది. చూపించినదాన్ని మళ్లీ చెప్పడం, తమ బొమ్మ మీద తమకే నమ్మకం చాలకపోవడమే. చివర్లో సంగీతం కూడా అంతే, అప్పటిదాకా పాటించిన నిగ్రహాన్ని వదిలేసి పైకి లేస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే సీన్ కూడా ఇందులోనే ఉంది. సోయజ్‌లో ఇంధనం లేదని తెలిశాక స్టోన్ రేడియోలో ఎవరినో పట్టుకుంటుంది. అవతల భూమి మీద ఎక్కడో మంచులో ఉన్న మనిషి, అతని భాష ఆమెకి రాదు, ఆమె భాష అతనికి రాదు. కుక్కలు అరుస్తాయి, ఒక పసిపాప ఏడుస్తుంది, అతను జోలపాట పాడతాడు. ఆమె కుక్కలా ఊళ వేస్తుంది. ఒక మొహం, ఒక కిటికీ, ఒక గొంతు, అంతే. సినిమాలో అన్నిటికన్నా తక్కువ గ్రాఫిక్స్ ఉన్న సన్నివేశాల్లో ఇదొకటి, నాకు అన్నిటికన్నా ఎక్కువ గుర్తుండిపోయింది కూడా ఇదే.

డబ్బు గురించి కూడా ఒక విషయం. 2014 జూన్ 30న శ్రీహరికోటలో పీఎస్‌ఎల్‌వీ ప్రయోగం అయ్యాక ప్రధాని మోదీ, మన మంగళయాన్ ఖర్చు ‘గ్రావిటీ’ సినిమా ఖర్చు కంటే తక్కువన్నారు. 450 కోట్ల రూపాయలకి అంగారకుడి దాకా వెళ్లడం, 10 కోట్ల డాలర్లు పెట్టి సినిమా తీయడం. ఆ పోలిక విని మా స్టూడియోలో అందరం గర్వపడ్డాం. అయితే వీఎఫ్‌ఎక్స్ మనిషిగా నేను ఆ సినిమా ఖర్చును వేరేగా చూస్తాను. ఈ సినిమాకి సుమారు నాలుగున్నరేళ్లు పట్టింది. ఆ డబ్బు ఎక్కువగా కొన్నది సమయాన్ని, అదీ షూటింగ్‌కి ముందు సమయాన్ని. మన దగ్గర వందల కోట్ల సినిమాల్లో కూడా ఆ సమయం షూటింగ్ తర్వాత, విడుదల తేదీ ప్రకటించేశాక, రాత్రిళ్లు మా మీద పడుతుంది. నిర్మాతల్ని కలిసినప్పుడల్లా నేను అడిగేది ఎక్కువ డబ్బు కాదు, సూర్యుడు ఎటువైపో షూటింగ్‌కి ముందు తేల్చమని.

మళ్లీ చూస్తే చివరి సన్నివేశం దగ్గర కాస్త ఆగండి. క్యాప్సూల్ నీళ్లలో పడుతుంది, స్టోన్ ఈది ఒడ్డుకి వస్తుంది. ఆ ఒడ్డుని అమెరికాలోని లేక్ పావెల్ దగ్గర తీశారు. గంటన్నర సినిమాలో పెట్టెలోని వెలుగుకీ, రెండర్ చేసిన వెలుగుకీ అలవాటుపడిన కంటికి అసలు ఎండ అక్కడ తగులుతుంది. ఆమె తడి ఇసుకను పిడికిట్లో పట్టుకుంటుంది. లేవబోతుంది, కాళ్లు తడబడతాయి, మళ్లీ లేస్తుంది. కెమెరా నేల మీదే ఉండి పైకి చూస్తుంటుంది. ఆమె మొహం మీద నీడ ఎటు పడిందో చూడండి, దాన్ని ఎవరూ గీయలేదు.